నెత్తి మీది పంచనామా

బరువును భూమి పుట్టిస్తుందని మనకు బడిలో చెప్పారు. పంతుళ్లకు తెలియక చెప్పారు. బరువును పుట్టించేది సర్కారు. ఏ ఇనుప ముక్కకు ఎంత బరువుండాలో, ఏ తేదీ నుంచి అసలు బరువే ఉండకూడదో తేల్చడానికి నిజామాబాదులో తూకాల సవరణ కార్యాలయం వెలిసింది. (దాని పైకప్పు ఇంకా వెలియలేదు. ఫైళ్లు గొడుగుల కింద ఉండేవి.) సేర్లు పోయి కిలోలు వచ్చిన కాలం సంగతి ఇది.

బోధన్ దారిలో ఒక చక్కెర మిల్లు. అందులో లింబయ్య చెరకు మోపులు దించే కూలీ. చెరకు ఉన్నన్నాళ్లే పని. మిల్లు ఆగితే ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. అయితే ఆ మిల్లుకు బరువులెత్తే జట్టొకటి ఉంది. జట్టులో చేరినవాడికి పన్నెండు నెలల నౌకరి. చేరాలంటే యాభై కిలోల కడ్డీని భుజాల మీంచి నెత్తి పైకి, మోకాలు వంచకుండా ఎత్తి చూపాలి. పరీక్ష ఏడాదికి ఒక్కసారే.

కడ్డీ పట్టడం కొత్తే అయినా లింబయ్య నలభై అయిదు దాకా చకచకా వచ్చేశాడు. అక్కడ ఆగిపోయాడు. సలహాలకు మనవాళ్లు ఏనాడూ పిసినారులు కారు. గుడ్లు తినమన్నారు, తిన్నాడు. గుడ్లు మానమన్నారు, మానాడు. తల్లి ఈరవ్వ దిష్టి తీసింది. నలభై అయిదు మాత్రం నలభై అయిదుగానే ఉంది.

చివరికి మిల్లు తాలీం (అంటే కసరత్తుశాల) ఉస్తాదు బాపురావు రోగం కనిపెట్టాడు.

"నీ భుజాల కసూరు లేదురా. బిళ్లలదే కసూరు. గీ తాలీంల అన్నిట్ల చిన్న బిళ్ల రెండున్నర కిలోలు. అటోటి ఇటోటి ఎయ్యంగనే అయిదు పెరిగె. నడుమ మెట్లు లేకుంట మిద్దె ఎట్ల ఎక్కుతవు?"

చిన్న బిళ్లలు ఇప్పించమని లింబయ్య మిల్లు క్రీడా సంఘానికి మొరపెట్టుకున్నాడు. సంఘం లోతుగా ఆలోచించింది. చిన్న బిళ్లలు చిన్న బరువులెత్తేవారి సౌకర్యార్థం ఉద్దేశించినవనీ, అర్జీదారు ఆ దశను ఘనంగా దాటి ఉన్నందున అనర్హుడనీ జవాబిచ్చింది. (అభినందనలు కూడా తెలిపింది.)

అప్పుడు ఆదుకున్నవాడు కిరాణా రామస్వామి. సవరణ కార్యాలయం రద్దు చేసిన సేరు, పావుసేరు ఇనుప తూకపు రాళ్లు అతని దుకాణం వెనక గోనెసంచిలో పడున్నాయి.

"ఇయ్యవోతే ఆఫీసోళ్లు తీస్కోరు, జాగ లేదంటరు. నా తాన ఉంటే కేసంటరు. నువ్వు తీస్కవోతే నాకే పున్నెం, బిడ్డా."

ఆ వారం కడ్డీకి ఇటో పావుసేరు, అటో పావుసేరు (పావుకిలోకు కాస్త తక్కువే) గుడ్డపేలికతో కట్టారు. పావుసేరు ఎక్కువైన సంగతి భుజాలకు తెలియలేదు. భుజాలు కూడా మనలాంటివే, కొద్దికొద్దిగా వేస్తే దేన్నయినా మోస్తాయి. మరో వారం మరో పావు. పావులు కలిసి సేర్లయ్యాయి. పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా, ఆ సాయంత్రం, కడ్డీ యాభై కిలోలై లింబయ్య నెత్తి పైకి లేచింది. చేతులు నిటారుగా నిలిచాయి.

సరిగ్గా అప్పుడే సవరణాధికారి రాజేశ్వర్ సాబు బంట్రోతుతో సహా లోపలికి వచ్చాడు.

"దించకు" అన్నాడు. "నేరం ఏ హాలతుల దొరికిందో గదే హాలతుల పంచనామా రాయాలె."

"సాబ్, గవి తూకానికి గాదు, ఎత్తుటానికి" అన్నాడు బాపురావు.

"నడుమ కడ్డీ. రెండు దిక్కుల రద్దయిన రాళ్లు, బరాబరుగ కట్టిండ్రు. గిది తక్కెడ గాకుంటే ఏంది?"

 

పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. తాలీంలో ఉన్నవారంతా లింబయ్య మనుషులే కనుక పనికిరారు. బంట్రోతు బజారుకు వెళ్లి, దారిలో చాయ్ తాగి, ఇద్దరిని పట్టుకొచ్చాడు. రెండోవాణ్ని నేను. నేను వెళ్లేసరికి లింబయ్య కళ్లలోకి చెమట దిగుతోంది.

"సాబ్, జర జల్ది రాయుండ్రి."

"తొందరపడితే రాత ఆగమైతది" అంటూ సాబు కలానికి సిరా పట్టించాడు. లింబయ్య చేతులు వణికాయి. 'తక్కెడ ఊగుచున్నది. తూకములో మోసము కలదని అనుమానము' అని రాశాడు. తర్వాతి వాక్యం నాకు ఇప్పటికీ నోటికొచ్చు: 'సదరు తక్కెడకు నిలువు కంబము: లింబయ్య, తండ్రి పోశయ్య.'

నాకు ఒళ్లు మండింది. "యాభై కిలోలు ఎత్తిండని గూడ రాయుండ్రి సాబ్" అన్నాను.

"ఎట్ల రాస్త? పాత రాళ్లకు ఇప్పుడు బరువు లేదు. నలభై అయిదు కిలోలు, మీద కొంత ఇనుము."

కడ్డీ, బిళ్లలు, రాళ్లు అన్నీ జప్తు. లింబయ్య దించాక బంట్రోతు ఎత్తబోయాడు, లేవలేదు. సాబు కూడా ఓ చెయ్యి వేశాడు. ఆ మీదట జప్తు సొత్తును ముద్ర వేసి ముద్దాయి ఇంట్లోనే ఉంచాలనీ, దాన్ని ఎవరూ ఎత్తరాదనీ ఉత్తర్వయింది. లింబయ్యే మోసుకుపోయాడు. (ఎత్తకుండా ఎలా మోయాలో ఉత్తర్వులో లేదు.)

పరీక్ష రోజున, మిల్లుకున్న ఒక్క కడ్డీ జప్తులో ఉంది కనుక పరీక్ష లేదన్నారు. పైగా కేసున్నవాడికి జట్టులో చోటు లేదన్నారు. చెరకు అయిపోయింది, మిల్లు ఆగింది. ఈరవ్వ మా ఇంటి గడపలో కూర్చుని అడిగింది: "యాభై ఎత్తిండంటివి గద నాయినా. మరి నౌకరేది?" సిగ్గుతో తలుపు చాటుకు పోబుద్ధయింది నాకు.

విచారణ సాగుతోంది. నెలనెలా వాయిదా. ప్రతి వాయిదాకూ లింబయ్య సొత్తును బోధన్ నుంచి నిజామాబాదుకు తెచ్చి, దొరికిన హాలతులోనే, అంటే నెత్తి పైకెత్తి, ఫైలు దొరికేదాకా నిలబడాలి. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు. అలా లింబయ్యకు పన్నెండు నెలలూ పని దొరికింది. జీతం గురించి నేనే సాబును అడిగాను. తక్కెడకు జీతమిచ్చే రూలు లేదన్నాడు.