బోధన్ చౌరస్తాలో నైలాన్‌కు విగ్రహం

నైలాన్ చీరను కనిపెట్టిన మహానుభావుడికి బోధన్ చౌరస్తాలో విగ్రహం పెట్టాలి. ఇది నా డిమాండు. నిజామాబాద్ బస్టాండు ముందర ఇంకొకటి పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆవిష్కరణ రోజున విగ్రహానికి ముసుగు మాత్రం నైలాన్‌దే కప్పాలి. మంత్రిగారికి తాడు లాగే శ్రమ ఉండదు. ఆయన దండలు వేయించుకుంటూ ఉండగానే అదే జారిపోతుంది!

నవ్వకండి. నేను ఊరికే మాట్లాడటం లేదు. హైదరాబాదులో పాలిటెక్నిక్‌లో చేరి, దారాలు లెక్కపెట్టి, భూతద్దంలో బట్టలు చూసి చూసి కళ్లజోడు తెచ్చుకుని, డిప్లొమా పుచ్చుకున్న మనిషిని. బట్టల విషయంలో నా మాట వినకపోతే ఇంకెవరి మాట వింటారు? (వినరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.)

ముందు లాభాలు చూడండి. నైలాన్ చీర ఉతికి పిండేలోపే ఆరిపోతుంది. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు. మే నెలలో కట్టుకుంటే చెమట బయటికి పోదు, గాలి లోపలికి రాదు. గొప్పవాళ్లు డబ్బిచ్చి చేయించుకునే ఆవిరి స్నానం మనకు పొయ్యి దగ్గరే! చలికాలంలో విప్పుతుంటే చిటపటలాడుతుంది, పిల్లలకు టపాకాయల ఖర్చు తప్పింది. నవీపేట్ బస్సులో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడా, వెనక సీటులో ఉన్నావిడ నడిచే పని లేకుండా ముందు సీటుకు చేరిపోతుంది. మా గల్లీలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒళ్లో తంబాకు చాట ఒక్క క్షణం నిలవదు. ఒంగి ఏరుకోవాలి, మళ్లీ పెట్టుకోవాలి, మళ్లీ ఒంగాలి. ఎంత వ్యాయామం! నూలు చీరల కాలంలో మనకు ఈ ఆరోగ్యం ఉండేదా?

ఇంత గొప్ప వస్తువు విలువ మన జిల్లాలో అందరికంటే ముందు గుర్తించింది బోధన్ అవతల ఉన్న ఒక చెరుకు ఫారం కమిటీ. ఆ ఫారం పేరు రాయను. రాస్తే మా చిన్నమ్మ శారమ్మ కూలి పోతుంది. ఆమె అక్కడ చెరుకు కొడుతుంది.

చెరుకును చక్కెర రూపంలో మాత్రమే ఎరిగినవాళ్లకు ఒక మాట. చెరుకు ఆకు అంచుకు రంపంలాగా పళ్లుంటాయి. కంటికి ఆనవు, చర్మానికి ఆనుతాయి. కోతలు మొదలయ్యాయంటే మా చిన్నమ్మ చేతులు మోచేతుల దాకా, ఇంట్లో పిచ్చిపిల్లిని పెంచుకుంటున్నట్టు ఉంటాయి. చెమట తగిలితే మంట. సబ్బు తగిలితే ఇంకా మంట. ఒకసారి గాజులాయన ఆమె చెయ్యి పట్టుకుంటే ఆమె పెట్టిన కేకకు ఆయన మా గల్లీకి రావడమే మానేశాడు.

ఆ ఫారం కమిటీ దయగలది. ఏటా కోతలకు ముందు పనివాళ్లందరికీ బట్టలు పెడుతుంది. మొన్నటి కోతలకు మొగవాళ్లకు ఖాకీ డ్రిల్లు గుడ్డ, ఆడవాళ్లకు తలా రెండు నైలాన్ చీరలు, వాటికి సాటిన్ అంచు.

ఇక్కడ కాస్త చదువు చెప్పాలి. భయపడకండి, పరీక్ష లేదు.

నేతల్లో అన్నింటికంటే అమాయకమైనది సాదా నేత. దారం ఒకదాని పైన, ఒకదాని కింద, మళ్లీ పైన, మళ్లీ కింద. బుట్ట అల్లినట్టే. మీ పంచె, మీ తువ్వాలు అదే. రెండోది ట్విల్లు. దారం రెండింటి మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది. పై వరసలో ఒక్క దారం పక్కకు జరిగి మళ్లీ అదే పని చేస్తుంది. అందుకే బట్ట మీద ఏటవాలు గీతలు పడతాయి. ఖాకీ ప్యాంటు వేసుకున్నవాళ్లు ఇప్పుడే మోకాలి మీద చూసుకోండి. ఈ నేతలో దారాలు సినిమా హాలు టికెట్ల కిటికీ ముందు జనంలాగా ఒత్తుకుని ఉంటాయి. మధ్యలో దూరడం ఎవరి తరమూ కాదు. డ్రిల్లుది ఈ జాతే.

మూడోది సాటిన్. ఇందులో దారం నాలుగు దారాల మీదుగా ఏ పనీ లేకుండా తేలుతూ పోయి, ఐదోదాని కింద ఒక్కసారి తల దూర్చి, మళ్లీ పైకి వచ్చేస్తుంది. నాలుగు మీటింగులకు రాకుండా ఐదో మీటింగుకు వచ్చి సంతకం పెట్టిపోయే మెంబరును మీరు చూసే ఉంటారు. అచ్చం అదే! అందుకే దానికంత మెరుపు. ఎక్కడ ముల్లున్నా అందరికంటే ముందు తగులుకునేదీ అదే.

ఇప్పుడు ఫారంలోకి రండి. రంపం పళ్ల ఆకుల్లో దూరే ఆడవాళ్లకు సాటిన్ అంచు. ఆఫీసు కుర్చీలో కూర్చునే సూపర్వైజరు రామస్వామి సారుకు డ్రిల్లు. నాకు తెలిసినంతవరకు కుర్చీకి పళ్లుండవు.

డిప్లొమా ఊరుకోనివ్వదు కదా! కమిటీ మీటింగుకు వెళ్లాను. ఒక చేతిలో డ్రిల్లు ముక్క, ఒక చేతిలో నైలాన్ ముక్క, సంచిలో నాలుగు చెరుకు ఆకులు. అందరి ముందూ ఆకుతో రెండింటినీ రుద్ది చూపించాను. డ్రిల్లు కిమ్మనలేదు. నైలాన్ దారాలు లేచి, కోడిపిల్ల ఈకల్లాగా నిక్కపొడుచుకున్నాయి. నా పని అయిపోయింది, గెలిచాననుకున్నాను.

రామస్వామి సారు కళ్లజోడు పైకి తోసి ముక్కను చూశారు. "నీ సదువు మంచిగున్నది బిడ్డా. గాని ఆడోళ్లు జెర మెరుస్తెనే సూడ బుద్ధైతది. ఖాకీ మొగోళ్ల బట్ట."

"చెరుకు కొట్టేది వాళ్లు కదా సార్. ఒక్కసారి వాళ్లనే అడగండి."

"అడుగుడేంది బిడ్డా? చీర వద్దనే ఆడిది ఏడనన్న ఉంటదా?" అని, నా ముందుకు మిక్చరు ప్లేటు జరిపారు.

తిని వచ్చాను. మిక్చరు బాగుంది.

కోతలు మొదలైన రోజు మా చిన్నమ్మ గుంపు అంతా నైలాన్‌లో దిగింది. దూరం నుంచి చూస్తే తోటలో పెండ్లి జరుగుతున్నట్టుంది. శారమ్మ జతలో నర్సవ్వ అని ఒకామె ఉంటుంది. మొదటి సాలులోనే ఆమె అంచు ఆకుకు తగులుకుంది. నర్సవ్వ ముందుకు పోయింది, దారం వెనకే ఉండిపోయింది. పొద్దు గూకేసరికి ఆమె ఎక్కడ ఒంగిందో, ఎక్కడ నీళ్లు తాగిందో, ఎక్కడ తంబాకు నమిలిందో ఆ దారం పట్టుకుని చెప్పొచ్చు! మేస్త్రీ హాజరు తీసుకునే పని కూడా తప్పింది. ఇది మరో లాభం.

ఆ సాయంత్రం మా చిన్నమ్మ చెరుకు కొసల మోపు నెత్తిన పెట్టుకుని రామస్వామి సారు ఇంటికి పోయింది. వాళ్ల బర్రెకు మేత రోజూ ఆమే వేస్తుంది. సారు భార్య వసంతమ్మ గారు మోపు వైపు చూడలేదు, బర్రె వైపు చూడలేదు. చీర వైపు చూశారు.

"శారమ్మా, ఆగు. గిదేం చీర? ఏడ కొన్నవే?"

"కొనుడేందమ్మా, మీ సారే ఇచ్చిండు."

వసంతమ్మ గారి చేతిలో చెంబు కిందపడింది. "మా సారు నీకు చీరిచ్చిండా?"

"నాకొక్కదానికే గాదమ్మా, అందరికిచ్చిండు!"

"అందరికా!"

మా చిన్నమ్మకు ఆలస్యంగా వెలిగి, అది ఫారం వాళ్లు పెట్టిన బట్ట అని ఒట్టు వేసి చెప్పింది. అప్పటికి గానీ ఆ ఇంటి సంసారం గట్టున పడలేదు. కానీ వసంతమ్మ గారి కళ్లు చీర మీది నుంచి కదలలేదు.

"మీకు మెరిసే చీరలు. నాకేమొచ్చింది? గా మోటు గుడ్డ తెచ్చి పెట్టెల పడేసిండు. గదేం జేస్కోవాలె, బర్రెకు కప్పాల్నా?"

"అమ్మా, గా గుడ్డ నాకియ్యి. నాదింకో చీర మడతన్న ఇప్పలేదు, గది నువ్వు తీస్కో."

చూశారా! నేను భూతద్దం, డిప్లొమా పట్టుకుని సాధించలేనిది మెరుపు సాధించింది. వారం తిరక్కుండా ఈ వార్త ఇల్లిల్లూ పాకింది. గుమాస్తా గారి భార్య, మేస్త్రీ భార్య, వాచ్‌మన్ భార్య, ఎవరూ ఆగలేదు. మోపు కింద చీర పోతుంది, కొంగు కింద డ్రిల్లు వస్తుంది. మొగవాళ్లు పెట్టె మూత తెరిస్తే కదా తెలిసేది!

కుట్టింది బజారులో టైలరు లింగం. ఆడవాళ్లకు ఖాకీ చొక్కా కుట్టడం ఆయనకు కొత్త.

"అక్కా, కాలరు పెట్టాల్నా?"

"మెడకు గూడ కోస్తది. పెట్టు."

"గుండీలు మొగోళ్ల తీరు పెట్టాల్నా, ఆడోళ్ల తీరు పెట్టాల్నా?"

"చెర్కుకు ఏ తీరైన ఒక్కటే. ఊడకుంట కుట్టు," అంది మా చిన్నమ్మ.

పాత నూలు చీర మీద మణికట్టు దాకా ఖాకీ చేతులు. ఆకు వచ్చి తగిలేది, జారిపోయేది. మా చిన్నమ్మ ఇంటికి వచ్చి చేతులకు సబ్బు పెట్టుకుంటూ పాటలు పాడటం మొదలుపెట్టింది. ఆమె గొంతు బాగుండదు. అయినా ఎవరమూ ఆపలేదు.

ఇంతలో తనిఖీకి హైదరాబాదు నుంచి పెద్ద సారు జీపులో దిగారు. గట్టు మీద నిలబడి తోటలోకి చూస్తే వరసగా ఖాకీ వీపులు! ఆయన ఛాతీ ఉప్పొంగింది. "నా కోసం ఇంత పోలీసు బందోబస్తు ఎందుకయ్యా?" అన్నారు. సరిగ్గా అప్పుడే నర్సవ్వ నడుము ఎత్తి, నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యి పైకెత్తింది. పెద్ద సారు టక్కున నిటారుగా అయ్యి తిరిగి సెల్యూట్ కొట్టారు!

తర్వాత ఆయన చూపు పక్కకు తిరిగింది. అక్కడ మన వాచ్‌మన్ లుంగీ, చిరుగు బనీను, చేతిలో కర్రతో నిలబడి ఉన్నాడు. పెద్ద సారు మెచ్చుకోలుగా తల ఊపారు. "చెరుకు దొంగను కూడా పట్టేశారన్నమాట!"

ఇక దాచడానికి ఏముంది? గుట్టు బయటపడింది. రామస్వామి సారు ముఖం చెరుకు పిప్పిలాగా అయింది. జీపు అటు కదలగానే ఇటు ఆయన గుంపు ముందుకు వచ్చి అరిచారు. ఖాకీ మొగవాళ్ల బట్ట, ఫారం పరువు, డిసిప్లీను! రేపు పొద్దున్నే అంగీలన్నీ ఎవరివి వాళ్లకు వాపసు ఇవ్వాలి. ఇవ్వనివాళ్లకు పని లేదు.

కోతలు ఇంకా సగం కూడా కాలేదు. మా చిన్నమ్మ తన ఖాకీ చేతుల వైపు ఒకసారి చూసుకుంది.

"ఇస్తం సారు. ఎందుకియ్యం? మా చీరలు మాకు తెచ్చియ్యుండ్రి. గీడనే అంగీలు ఇడిసి పెడతం."

"తెస్త! రేపే తెస్త!"

ఆ సాయంత్రం కూడా మా చిన్నమ్మ మోపుతో పోయింది. భయంతోనే పోయింది. సారు ఇంట్లోకి అడుగుపెట్టేసరికి వసంతమ్మ గారు భీమ్‌గల్‌లో పెండ్లి చూసుకుని అప్పుడే దిగారు. ఒంటి మీద ఆ చీరే. ముఖం చీర కన్నా మెరుస్తోంది.

"సూడుండ్రి, పెండ్లి పిల్లనిడిసిపెట్టి అందరు నన్నే సూసిండ్రు! మా వదినెకైతే కండ్లల్ల నిప్పులే. ఆఁ, మీరేమో అనవోయిండ్రు. ఏంది?"

రామస్వామి సారు భార్యను చూశారు. బర్రె దగ్గర ఉన్న మా చిన్నమ్మను చూశారు. బర్రెను కూడా చూశారు.

"ఏం లేదు. జెర మంచినీళ్లియ్యి."

గుమాస్తా గారి ఇంట్లో, మేస్త్రీ ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు. చూడక్కర్లేదు. మర్నాడు తోటలోకి ఒక్క చీర కూడా రాలేదు.

"సారూ, చీరలు తెచ్చినవా?" అని నర్సవ్వ గట్టు కింది నుంచి అడిగింది.

సారు ఆకాశం వైపు చూశారు. ఆకాశంలో కాకి తప్ప ఏమీ లేదు. "మబ్బు పట్టెటట్టున్నది. జెల్ది జెల్ది కొట్టుండ్రి!" అని ఆఫీసు వైపు నడిచారు.

కోతలు అయ్యేదాకా ఆ మబ్బు అలాగే ఉంది. అంగీలూ అలాగే ఉన్నాయి. ఆ వారమే గాజులాయన చాలా రోజులకు మా గల్లీకి వస్తే మా చిన్నమ్మ వాకిట్లో కూర్చుని రెండు చేతులూ చాపింది. ఆయనే కళ్లు మూసుకున్నాడు, కేక కోసం.

ఇప్పుడు చెప్పండి, నైలాన్ వరం కాదా? దానికి విగ్రహం వద్దా?

మళ్లీ కోతలు వస్తున్నాయి. మళ్లీ కమిటీ కూర్చుంటుందట. ఈసారి నేను ఆకులు తీసుకుని రాను. కమిటీవారికి నా విన్నపం ఒకటే. మా ఆడవాళ్లకు ఖాకీ ఇవ్వాలని పొరపాటున కూడా ఆలోచించకండి. నైలానే ఇవ్వండి. ఇంకా పలచగా, ఇంకా మెరిసేట్టు, వీలైతే పువ్వులు పెద్దవి వేయించి, మీ ఇంట్లో వాళ్లు చూడగానే పడిపోయేట్టు ఎంచండి. మిగిలింది మేం చూసుకుంటాం.

అన్నట్టు, మీకేం కావాలని చెరుకు కొట్టేవాళ్లను మాత్రం అడగకండి. వాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు. అప్పుడిక మీటింగు ఎందుకు? మిక్చరు ఎవరు తింటారు?