తవిటమ్మ అర్జీ, నాణ్యమైన నకలు

పాట పాడడం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని సీడీలోంచి కంప్యూటర్‌లోకి ఒక్క ముక్క రాలకుండా దించడానికి మాత్రం ఉపసంఘం కావాలి. ఈ సత్యాన్ని 2005లో భవానీపూర్ తెలుగు శ్రామిక సాంస్కృతిక సమితి కనిపెట్టింది. ధ్వని నాణ్యతా ఉపసంఘానికి వచ్చిన మొదటి అర్జీ తవిటమ్మది. ఆమె ఆ బెంగాలీ నగరపు కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది.

రెండేళ్ల కిందట సమితివాళ్లే ఆమె చేతా, తోటి కార్మికురాలు అప్పమ్మ చేతా, ఊళ్లో వరినాట్లప్పుడు పాడుకున్న ఊడుపు పాటలు పాడించి సీడీ చేశారు. ఒక్కటే చేశారు (రెండోదానికి తీర్మానం లేదు). తరవాత అప్పమ్మ రిటైరై ఇచ్ఛాపురం వెళ్లిపోయింది. చూపు మందగించిందట, మన పాటలైనా పంపమని కబురు పెట్టింది.

సమితి కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న కాపీ వినిపిస్తే తవిటమ్మ మొహం చిట్లించింది.

"ఏటిది బాబూ, రేకు డబ్బాలో కూకుని పాడినట్టుంది! బాగున్నది కావాల."

ఆపరేటరు జానకిరామ్ వివరించాడు. "బాగా దించాలంటే మిషను సీడీలో ఒక్కో చోటునీ పదహారుసార్లు చదవాలి పిన్నీ. అన్నిసార్లూ ఒకేలా వస్తేనే ముందుకెళ్తుంది." (సమితి సమావేశాల పద్ధతీ ఇదే, అక్కడ ముందుకెళ్లడం ఉండదు.)

ఉపసంఘం అధ్యక్షుడు పట్టాభి అర్జీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "గాయని కోటాలో అడిగారు. పాడింది మీరేనని రుజువు?"

"నానే పాడినాను దాదా!"

"పాడి చూపించండి."

తవిటమ్మ పాడింది. టీ పోస్తున్నవాడు కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పట్టాభి కంప్యూటర్‌లోని కాపీతో పోల్చి, విచారంగా నిర్ణయం చెప్పాడు. "సరిపోలలేదు. మీ గొంతు చాలా స్పష్టంగా ఉంది."

"మూడో పాటలో అప్పమ్మ దగ్గింది. నాకు నవ్వొచ్చీసింది. ఇనండి!"

విన్నారు. దగ్గు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఉపసంఘం లోపలి గదిలో అరగంట చర్చించింది.

"ఇంత వివరంగా చెప్పారంటే, మీరు చాలా శ్రద్ధగా విన్నారన్నమాట," అన్నాడు పట్టాభి. "శ్రోత కోటాలో మంజూరు చేస్తున్నాం."

తవిటమ్మకు ఒళ్లు మండింది. అయినా ఇచ్ఛాపురంలో చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చి, శ్రోతగా వేలిముద్ర వేసింది.

మిషను పదకొండు రోజులు చదివింది (రెండు బంద్‌లు మినహాయించి). పన్నెండో రోజు జానకిరామ్ ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. రేకు డబ్బా లేదు. అప్పమ్మ పాటెత్తుకునే ముందు గాలి పీల్చుకోవడం కూడా వినిపించింది, పక్కనే మడి బురదలో నిలబడి ఉన్నట్టు. తవిటమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, నకలు సీడీని రెండు చేతులా అందుకుంది.

"అట్ట మీద ఏటి రాసినారు బాబూ?"

జానకిరామ్ గొంతు సవరించుకుని చదివాడు.

"ధ్వని నాణ్యత: అత్యుత్తమం. పాడినవారు: వివరాలు లేవు."