నాలుగు మూలల రాళ్లు

ఆ ఉదయం షెద్లీ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి డైరెక్టరు వస్తాడు, మబ్రూకా పొలం చూస్తాడు, తల ఊపుతాడు. దున్నకుండా విత్తే యంత్రం వానల ముందే ఆ కొండపల్లెకు వస్తుంది. తల ఊపకపోతే పక్క లోయకు పోతుంది.

"దున్నొద్దు, కోశాక కొయ్యకాళ్లు అలాగే వదిలెయ్యండి, మట్టి కొట్టుకుపోదు" అని వ్యవసాయ శాఖ ఇంజనీరు షెద్లీ రెండేళ్లు గొంతు చించుకుంటే విన్నది ఒక్క మబ్రూకానే. మొగుడు పోయిన మనిషి. సగం పొలం ఇప్పటికే వాగులో కలిసింది. ఇతని మాట నమ్మి కంచరగాడిదనూ నాగలినీ అమ్మేసింది. యంత్రం రాకపోతే ఈ ఏడు ఆమెకు గింజ పడదు.

షెద్లీ ఎనిమిదింటికే బోర్డు మోసుకొచ్చాడు. "కొయ్యకాళ్లే నేలకు దుప్పటి" అని దాని మీద పచ్చరంగు అక్షరాలు. నేల ఎండి బండలా ఉంది, గుంజ దిగలేదు. పొలం నాలుగు మూలలా సున్నం కొట్టిన రాళ్ల కుప్పలు కనిపించాయి. వాటిని మోసుకొచ్చి గుంజ చుట్టూ పేర్చాడు. అవి అక్కడ ఎందుకున్నాయో రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. చదువుకున్నవాడు రైతుకు చెప్పడానికి వస్తాడు గానీ అడగడానికి వస్తాడా?

పావుగంటలో కాపరి తిజానీ మంద పొలంలోకి దిగింది. రెండువందల గొర్రెలు.

"ఏయ్! ఎక్కడికయ్యా తోలుతున్నావ్?"

తిజానీ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దేవుడు ఆ పోయినవాళ్లని చల్లగా చూడాలి."

"పోయిందెవరు?"

"అదేంటి ఇంజనీరు గారూ! మూలన రాళ్లుంటే పొలం మేతకు మూసినట్టు, తీసేస్తే తెరిచినట్టు. వానలకు ముందే తెరిచారంటే ఇంట్లో ఎవరో పోయారు, వాళ్ల పేరున మేత దానం ఇచ్చారు. ఇంతమాత్రం మీకు తెలీదా?"

షెద్లీ చెవులు కాలిపోయాయి. రాళ్లు నేనే తీశానంటే అయిపోయేది. కానీ "తెలుసు, తెలుసు. కొంచెం మేపుకుని పదింటికల్లా వెళ్లిపో" అన్నాడు.

తిజానీ వెంటనే ఫోను తీశాడు. "ఒరే, మందలు తోలుకురండి! ఇంజనీరే దగ్గరుండి మేపిస్తున్నాడు!"

ఇంకో మూడు మందలు వచ్చాయి. షెద్లీ కోటు విప్పి ఊపుతూ పరుగులు తీశాడు. ఒక గొర్రె ఆ కోటు కూడా నమిలి చూసింది.

ఈలోగా పొలం తెరిచారన్న కబురు విని ఊళ్లో ఆడవాళ్లు, చావింటికని కుస్కుసు రవ్వ వండిన గిన్నెలు నెత్తిన పెట్టుకుని మబ్రూకా గుమ్మంలో వాలారు. డైరెక్టరు కోసం రొట్టెలు కాలుస్తున్న మబ్రూకాను పట్టుకుని ఏడ్చారు. "ఎవరు పోయారే తల్లీ?" అని వాళ్లు, "ఎవరు పోయారో చెప్పండే!" అని ఆమె. రాజధానిలో ఉన్న తమ్ముడే పోయాడని తేల్చుకుని పిండి చేతులతోనే పొలానికి పరిగెత్తింది. గిన్నెలన్నీ ఆమె వెనకే వచ్చాయి.

సరిగ్గా అప్పుడే కారు ఆగింది. డైరెక్టరు నల్ల కళ్లద్దాలు తీసి అందరికీ సంతాపం చెప్పాడు. చెప్పి, "పొలమెక్కడ?" అన్నాడు.

"మీరు నిలబడ్డదే సార్."

గుండు కొట్టినట్టున్న నేల. మధ్యలో బోర్డు. దానికి ఒక పొట్టేలు వీపు రుద్దుకుంటోంది.

"నా తమ్ముడేడి? నాకు చెప్పకుండా నా పొలం తెరిచిందెవరు?" అని మబ్రూకా అరిచింది.

షెద్లీ నేల వైపు చూశాడు. "మీ తమ్ముడు బాగానే ఉన్నాడు పిన్నీ. ఎవరూ పోలేదు. రాళ్లు నేనే తీశాను. తిజానీ అడిగితే అబద్ధం చెప్పాను. సిగ్గేసి చెప్పాను."

మబ్రూకా పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. "కంచరగాడిదను అమ్ముకున్నాను నాయనా. నీ మాట మీద."

ఆమె తిట్టి ఉంటే షెద్లీ తట్టుకునేవాడు.

డైరెక్టరు ఫైలు మూశాడు. "యంత్రం పక్క లోయకే." కారు వైపు నడిచాడు.

తిజానీ అడ్డం వచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది. "ఆగండి సార్. చావు లేని ఇంట్లో దానం తిన్నాం. అదీ మొగుడు లేని మనిషిది. మా మందలకు అది హరామ్, పాపపు మేత. మా వాముల్లోంచి గడ్డి తెచ్చి సాయంత్రానికి ఈ నేలంతా కప్పుతాం. ఇకమీదట కొయ్యకాళ్లు ఉంచుకున్న ఏ రైతు చేలోనూ వానలు పడేదాకా మా గొర్రె దిగదు."

"మూలల రాళ్లకు సున్నం నేను కలుపుతాను" అన్నాడు ఇంకో కాపరి.

డైరెక్టరు ఫైలు మళ్లీ తెరిచాడు. పక్క లోయలో కాపరులు ఈ ఒక్క మాటకే ఒప్పుకోక మూడేళ్లుగా కొట్లాడుతున్నారు. "యంత్రం ఇక్కడికే" అని రాసుకున్నాడు. "ఎలా ఒప్పించావయ్యా వీళ్లని?"

అప్పటికే ఒక కాపరి మోసుకొచ్చిన గడ్డిమోపును మబ్రూకా షెద్లీ చేతిలో పెట్టింది. "ముందు దీన్ని పరువు" అంది.

నెల తిరక్కుండానే జిల్లా అంతటికీ ఉత్తర్వు వచ్చింది: ఇంజనీరు షెద్లీ పద్ధతిని మిగతా ఊళ్లలోనూ యథాతథంగా అమలు చేయవలెను.