రగ్గు కింద సామాను

ఆదివారం పొద్దున రామచంద్రం వేసుకున్న పథకం చాలా చిన్నది. మంగలి దుకాణానికని చెప్పి ఇంట్లోంచి బయటపడాలి. ఎల్బీనగర్‌లో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలి. కొత్తగా తెరిచిన పెద్ద స్టోరులో నెల సామాను కొని, ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరాలి. ఆబిడ్స్‌లో ఒకటి, సికింద్రాబాదులో ఒకటి ఉన్న స్టోరు వాళ్లు మూడోది ఇక్కడ పెట్టారు. సామాను మనమే ఏరుకోవచ్చట, ఎంతసేపు తిరిగినా ఎవరూ ఏమీ అనరట. ఆఫీసులో అందరూ వెళ్లొచ్చి చెబుతుంటే రామచంద్రానికి ప్రాణం ఊరుకోలేదు.

భార్య అండాలమ్మ మాత్రం వారం నుంచీ అడ్డం పడుతోంది. "అంతన్న దుకాణం ఇడిసిపెట్టి గాడికెందుకు? ఆయనకు తెలిస్తే మనసు నొయ్యదా?"

ఆమె మాటలో న్యాయముంది. మన్సూరాబాద్ పక్కన వీళ్లు పునాది తవ్వినప్పుడు కాలనీలో నాలుగిళ్లు కూడా లేవు. మలుపులో కిరాణం పెట్టుకున్న అంతయ్య పాత ఊరివాడు. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ల జొన్నచేలే. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఈ దంపతులకు తన బావి నీళ్లిచ్చింది ఆయన. వానొస్తే వీళ్ల సిమెంటు బస్తాలను దుకాణంలోకి చేర్చి, తన బియ్యం బస్తాలను అరుగు మీద పెట్టుకున్నదీ ఆయనే. అండాలమ్మకు నొప్పులొచ్చిన నాడు బస్సు రాకపోతే బండి కట్టి సైదాబాద్ దవాఖాన దాకా తోలుకుపోయిందీ ఆయనే. అలాంటి మనిషి మనసు నొప్పించడం రామచంద్రానికీ ఇష్టం లేదు. అందుకే చెప్పకుండా వెళ్లాడు.

స్టోరులో కొనాలనుకున్నవి కొన్నాడు. అక్కర్లేనివి ఇంకా ఎక్కువ కొన్నాడు. రెండు సంచులు మోసుకుని బయటికొచ్చాక గానీ అసలు సంగతి తట్టలేదు. కాలనీకి ఉన్నది ఒక్కటే దారి, అది అంతయ్య దుకాణం ముందు నుంచే పోతుంది. సంచుల మీద చూస్తే స్టోరు పేరు బెత్తెడు అక్షరాల్లో ఎర్రగా అచ్చేసి ఉంది. మళ్లీ లోపలికి పోయి ఒక రగ్గు కొన్నాడు.

బస్సు మానేసి ఎక్కిన ఆటో ఎల్బీనగర్ దాటగానే సీటు మీద అడ్డంగా ఒరిగి, సంచులు రెండూ పొట్ట మీద పెట్టుకుని, రగ్గు నెత్తి దాకా కప్పుకున్నాడు.

"ఏమైంది సార్?" అని అడిగాడు ఆటో అతను.

"ఏం గాలె. నువ్వు జర జల్ది పోనియ్."

నీళ్ల పైపు కోసం తవ్వి, పూడ్చడం మరిచిపోయిన గుంత ఒకటి కాలనీ మలుపులో ఉంది. జల్దిగా పోయిన ఆటో అందులో దిగబడింది, సరిగ్గా అంతయ్య దుకాణం ముందే.

అంతయ్య సాయానికి పరుగెత్తుకొచ్చాడు. బయటికి పొడుచుకొచ్చిన కాళ్లనూ చెప్పులనూ గుర్తుపట్టాడు. ఆపైన రగ్గు కింద గుట్టలా లేచిన పొట్ట చూశాడు.

"అయ్యో తమ్మీ! పొద్దుగాల మంచిగనే పోతివి గదరా! కడుపు గింత ఎట్ల ఉబ్బె?"

నోరు తెరిస్తే నిజం చెప్పాల్సి వస్తుందని రామచంద్రం మూలిగి ఊరుకున్నాడు. కొంప మునిగింది ఆ మూలుగుతోనే.

దుకాణంలో చింతపండు కొంటున్న కోటేశ్వరమ్మ, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, మా బాబాయికి అచ్చం ఇలాగే ఉబ్బిందండీ. మూడు రోజులే ఉన్నాడు."

కాలనీకి పాలు పోసే గోపయ్య సైకిలు దిగాడు. "రగ్గు తియ్యకుండ్రి. గాలి తగిలితే ఇంక ఉబ్బుతది!"

అంతయ్య దుకాణం తలుపులు కూడా వెయ్యలేదు. గల్లాపెట్టె అలాగే వదిలేసి, భుజం ఆనించి ఆటోను గుంతలోంచి లేపి, ముందు సీట్లో ఎక్కాడు. "దవాఖానకు తోలు!"

"ఒద్దన్నా!" అంది రగ్గు.

"నొప్పికి ఏం మాట్లాడుతుండో తెలుస్తలేదు పాపం. జల్ది!" అన్నాడు అంతయ్య. కోటేశ్వరమ్మ రోగి కాళ్ల దగ్గర సర్దుకుని కూర్చుంది. గోపయ్య ఇంటికి పోయి కబురు చెబితే, వెనకాలే అతని పాల సైకిలు మీద అండాలమ్మ ఏడుస్తూ వచ్చింది. మంగలి దుకాణానికి పోయిన మనిషికి కడుపెందుకు ఉబ్బిందో ఆమెకు అంతుపట్టలేదు.

ఎల్బీనగర్‌లోని చిన్న దవాఖానలో డాక్టరు చీటీ మీద రామచంద్రం పేరు రాసి, జబ్బు దగ్గర 'కడుపు' అని రాసి, రగ్గు మీంచే నొక్కి చూశాడు. కడుపు కరకరమంది. డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని, ధైర్యం చేసి రగ్గు లాగాడు. సంచి చిరిగి కందిపప్పు జలజలా రాలింది. దాని వెనక సబ్బులు, బిస్కెట్లు దొర్లాయి. చివరికి ఎర్ర అక్షరాలు అందరికీ కనబడ్డాయి.

అండాలమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. ఇప్పుడు నిజంగానే దెబ్బలు పడతాయన్నట్టు మొగుడి వైపు గుడ్లురిమి చూసింది.

"ఛీ! అంతన్నకు గిట్ల జేస్తవా?" అన్నాడు గోపయ్య.

"అవ్వ! అన్నం పెట్టిన చేతిని కాదని స్టోరుకెళ్లారా?" అంది కోటేశ్వరమ్మ.

నిజంగానే జబ్బు చేసి ఉంటే ఎంత బాగుండునని రామచంద్రం అనుకున్నాడు. అంతయ్య వైపు చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాడు. అంతయ్య దగ్గరికొచ్చి ఆ పొట్ట మీద చెయ్యేసి తడిమాడు. "మెత్తగనే ఉన్నది. బతికిచ్చినవు దేవుడా!" అని బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత మిగతా ఇద్దరి వైపు తిరిగాడు.

"గాయన్ని ఏమనకుండ్రి. గోపయ్యా, తవుడు సంచిల సబ్బుపొడి తెస్తే నాకు తెల్వదనుకున్నవా? కోటేశ్వరమ్మ చెల్లే, పోయిన శనివారం నీ పూలబుట్టల నూనె డబ్బ లేదా? మీరు పోయేటప్పుడల్ల నేను ఎనకకు మల్లి గోడ జూస్తుంట. నా మొకం జూస్తే మీకు సిగ్గయితదని. గియ్యాల పానం మీదికొచ్చిందనుకొని మల్లలేదు."

గోపయ్య నేల చూశాడు. కోటేశ్వరమ్మ గోడ చూసింది. రామచంద్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు చేసింది తామైతే, తలతిప్పుకున్నది ఈ మనిషి. ఊరు కాని ఊరొచ్చి ప్లాటు కొన్నందుకు ఇలాంటివాడు దొరకడం ఏ జన్మ పుణ్యమోననిపించింది. లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, ఇగ ఆడికి పోతే ఒట్టు!"

"ఒట్లెందుకురా? ఆడ మంచిగున్నది ఆడనే కొను, నా తాన మంచిగున్నది నా తాన కొను. గని దాసకుండ్రి. దినాం ఎనకకు మల్లి మల్లి నా మెడ పట్టేసింది."

డాక్టరు చీటీలో రామచంద్రం పేరు కొట్టేసి అంతయ్య పేరు రాశాడు. 'కడుపు' తీసేసి 'మెడ' అని దిద్దాడు.