మామగారికి ఉప్పుకాగితం

ఆ రోజు అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న ముక్క ఎంచుకోవడం, మధ్యాహ్నం బొమ్మ చెక్కడం, సాయంత్రం ఆరింటికి అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజున దాని వెనక దీపం వెలిగించడం. వంటింటి గట్లకి సాలిడ్ సర్ఫేస్ అనే, రాయిలా కనిపించే తెల్లటి ప్లాస్టిక్ షీట్లు కోసి బిగించడం అతని వృత్తి. ఆ షీటు మీదే మామగారి బొమ్మ చెక్కి ఆవిడకివ్వాలని ఆర్నెల్లుగా ముచ్చటపడుతున్నాడు.

మామగారు ముప్పయ్యెనిమిదో ఏటే పోయారు. ఉన్నది ఒక్కటే ఫొటో: నల్లటి జుట్టు, నల్లటి మీసం. అత్తగారు రోజూ దాన్ని తుడుస్తూ, "మీకేం, కుర్రాడిలా కూర్చున్నారు. ముసలిదాన్నయింది నేనొక్కదాన్నే. రేపు అక్కడ ఎదురుపడితే, ఎవరమ్మా నువ్వు అంటారు," అనేవారు. ఆవిడ నవ్వుతూనే అనేవారు గానీ, వినేవాళ్ళకి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ముక్క ఎంచడానికి చీకటి కావాలి. పట్టపగలు ఆ ఇంట్లో చీకటి దొరికేది స్నానాలగదిలోనే. భార్యాభర్తలు నాలుగు ముక్కలూ ఒక టార్చీ పట్టుకుని లోపలికి దూరి గడియ పెట్టుకున్నారు. మొదటిది రాతిముక్క. వెనక టార్చి పెడితే గోడకి చెప్పుకున్నట్టే, ఒక్క కిరణం ఇవతలికి రాలేదు. రెండోదాంట్లో నలుసులున్నాయి.

"అయ్యో, మొహమంతా మచ్చలేనండీ!" అంది భార్య.

మూడోది మీగడ రంగు. వెలుగు తగలగానే పసుపు పూసినట్టయింది.

"పచ్చకామెర్లే, అనుమానం లేదు," అన్నాడతను.

నాలుగోది ఎవరింట్లోనో సింకు కోసం గట్టుకి కన్నం చేసినప్పుడు ఊడిన ముక్క. అచ్చ తెలుపు. టార్చి వేయగానే అంచు నుంచి అంచు దాకా తెల్లవారినట్టు వెలిగింది. వెనక పెట్టిన అతని వేళ్ళు నీడలై ఇవతలికి కనిపించాయి. ఇరవయ్యేళ్ళుగా వీటిని కోస్తున్నాడు గానీ, వంటింటి గట్టు కడుపులో ఇంత వెలుగు దాగుందని ఏనాడూ ఎరగడు.

"ఈ రకం షీటు ఇప్పుడు తయారు చెయ్యట్లేదు. ఉన్నది ఈ ముక్కే," అన్నాడతను గుసగుసగా.

బయట తువ్వాలు పట్టుకుని అత్తగారు నిలబడి ఉన్నారు. మచ్చలూ కామెర్లూ శుభ్రంగా వినిపించాయి. తలుపు తీసి ఆవిడని చూడగానే అల్లుడు గతుక్కుమని ముక్కని చొక్కాలోకి తోసేశాడు.

"బాబూ, ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నానత్తయ్యా!" అంటూ పొట్ట పట్టుకుని పరిగెత్తాడు.

'రామరామ, కడుపు కూడా ఉబ్బింది!' అనుకున్నారావిడ. దాస్తున్న రోగాన్ని అడిగి లాభం లేదని, వెంటనే అల్లుడి దుకాణానికి ఫోన్ చేశారు.

అక్కడ ఎత్తింది నునుపు బాబాయ్. ముప్పయ్యేళ్ళుగా గట్లు నున్న చెయ్యడమే ఆయన పని. చెయ్యి తగిలితే జారాలి, లేకపోతే ఆయనకి అన్నం సయించదు.

"చూడు నాయనా, మా అల్లుడికి కామెర్లు. చెబితే వినే రకం కాదు. పనిలో ఏమైనా తేడా వస్తే నువ్వే సరిచెయ్యి. అతనితో అనకు, బాధపడతాడు," అన్నారు అత్తగారు.

మధ్యాహ్నం నాలుగింటికి యంత్రం చెక్కడం పూర్తిచేసింది. అప్పటికి అల్లుడు దీపం చట్రం తేవడానికి వెళ్ళాడు. బాబాయ్ పలక చేతిలోకి తీసుకున్నాడు. పలుచగా చెక్కినచోట వెలుతురు, మందంగా వదిలినచోట నీడ. వెలుగు పడితేనే బొమ్మ కనిపించే ఇలాంటి పలకని లిథోఫేన్ అంటారు. వెనక దీపం లేకపోతే అది వట్టి ఎగుడుదిగుడు పలక. ఆ సంగతి ఎరగని బాబాయ్‌కి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి.

"బంగారంలాంటి చెయ్యి! రోగం ఎంత పని చేసింది!" అనుకుని, ఉప్పుకాగితం తీసి, కన్నబిడ్డకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దాడు.

తిరిగొచ్చిన అల్లుడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"బాబాయ్! ఏం చేశావ్?"

"ఏం పరవాలేదు బాబూ. మిట్టలన్నీ తీసేశా. గుంటలు కాసిని మిగిలాయి. ముందు నువ్వు డాక్టరు దగ్గరికి పద."

"ఆ మిట్టలు మా మామగారి జుట్టూ మీసమూ బాబాయ్!"

ఐదున్నరయింది. ఇంకో ముక్క లేదు. మామగారికి గుండు కొట్టించి తెచ్చానని అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక, పలకని అలాగే చట్రంలో బిగించి ఇంటికి తెచ్చాడు. వెనకే బాబాయ్, నేరం చేసినవాడిలా. భార్య తలుపులు మూసి లైట్లు తీసింది. అల్లుడు కళ్ళు గట్టిగా మూసుకుని స్విచ్చి నొక్కాడు.

భయపడుతూనే కళ్ళు తెరిచాడు.

అవే కళ్ళు, అదే చిరునవ్వు. మందం తగ్గినచోట నలుపు మాత్రం పోయింది. జుట్టు తెల్లబడింది. మీసం నెరిసింది. ముప్పయ్యెనిమిదేళ్ళకే ఆగిపోయిన మనిషి, డెబ్బయ్యేళ్ళవాడై, వెలుగులో కూర్చుని ఆవిడవంకే చూస్తున్నాడు. బాబాయ్ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుని, "ఆ జుట్టూ మీసమూ నేనే ఉప్పుకాగితంతో రుద్దేశానమ్మా," అన్నాడు.

అత్తగారు దగ్గరికెళ్ళి ఆ మీసాన్ని వేలితో తాకారు.

"ఏవండీ... మీరూ పెద్దవారయ్యారా?" అన్నారు. "ఇక నన్ను గుర్తుపడతారు."

కళ్ళు తుడుచుకుని బాబాయ్ వైపు తిరిగారు.

"నాయనా, వచ్చే పుట్టినరోజుకీ వచ్చి ఇంకొంచెం రుద్దిపో. నాతోపాటు ఆయనకీ ఏడాది నిండొద్దూ?"

అల్లుడు పలక అంచు తడిమి చూశాడు. పైపైన రుద్దితే ఇంకో ముప్పయ్యేళ్ళకి సరిపడా మందం ఉంది.