రెండోసారి పడిన వేపచెట్టు

ఆ ఉదయం సీతాపతి పెట్టుకున్న పని ఒక్కటే. ఇన్సూరెన్సు సర్వేయరు ఖాదర్‌ను ప్రొద్దుటూరు బస్టాండు నుంచి వెంటబెట్టుకొచ్చి, తన మిద్దె మీద కూలిన పక్కింటి వేపచెట్టును కళ్లారా చూపించడం. గాలివానకు చెట్టు పడి నాపరాళ్లు పగిలాయి, దూలం నిలువునా చీలింది. ఉన్నది ఆ ఒక్క గదే. దూలం మార్పించడం గుమాస్తా బతుకుకు అయ్యే పని కాదు. క్లెయిము రాకపోతే ఈ వానల్లో పెళ్లాం బిడ్డలతో ఎక్కడ తలదాచుకోవాలో అతనికి తోచడం లేదు.

ఫోటోలన్నీ కంపెనీకి పంపేశానని కూతురు భావన చెప్పింది. సీతాపతి కొట్టిపారేశాడు. ఫోనులో బొమ్మ చూసి ఏ ఆఫీసూ సంతకం పెట్టదని, ఆఫీసు పనిలోనే తల నెరిసిన అతని నమ్మకం.

ముసురులో మధ్యాహ్నం దాకా నిలబడ్డా ఖాదర్ బస్సు దిగలేదు. ఫోను చేస్తే, మోటారుసైకిలు మీద నేరుగా ఇంటికే వస్తున్నానన్నాడు. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి మిద్దె మీద చెట్టు లేదు. కొత్త మనిషి వచ్చే ఇల్లు అట్లా ఉంటే మర్యాదగా ఉండదని భార్య మీనాక్షి వసారా కడిగి పెద్ద ముగ్గు వేసింది, చీలిన దూలానికి సున్నం కూడా కొట్టింది. పక్కింటి ఆదినారాయణ దువ్వూరు నుంచి తన పొలం కూలీలను, జేసీబీని రప్పించి, మొద్దు దించి, కొత్త నాపరాళ్లు పరిపించేశాడు.

"మా చెట్టు మీ ఇంటిమీద పడుంటే వీధిలో తలెత్తుకుని ఎట్ల తిరగల్ల సామీ?" అన్నాడు.

సీతాపతికి ఏడుపొచ్చింది. సర్వేయరుకు ఇప్పుడు ఏం చూపించేదని గొణిగాడు.

"దాన్దేముంది? యాడుండేది ఆడనే పెట్టిస్తా."

భావన వద్దు వద్దంటూనే ఉంది. సీతాపతి మాత్రం వద్దనలేదు. జేసీబీ మొద్దునెత్తి మిద్దె మీద దించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. దూలం విరిగి, గోడతో సహా గది మొత్తం కూలింది. లోపల ఎవరూ లేకపోవడమొక్కటే అదృష్టం.

దుమ్ము అణగకముందే ఖాదర్ బండి దిగాడు.

"చూడండి సార్, కళ్లారా చూడండి," అన్నాడు సీతాపతి.

ఖాదర్ కూలిన గోడను, దాని పక్కనే ఉన్న జేసీబీని చూశాడు. సంచిలోంచి తీసిన కాగితాన్ని మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"మీ పాప పంపిన ఫోటోలు చూసి నిన్ననే పాస్ చేసినారు సార్. మీ సంతకం కోసరం వచ్చినా. ఫోటోలో గోడ నిలబడే ఉండాది. జేసీబీ పడగొట్టినాక నేనేమని రాసేది? ఇంగ నిన్న పాసైన క్లెయిము గూడా ఆగిపోతాది."

వాన పెద్దదైంది. ఆదినారాయణ వాళ్ల పరుపుచుట్టలు తన ఇంటికి మోయించాడు. సీతాపతి తల వంచుకుని వెనకాలే నడిచాడు.

ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా మిగిలింది వసారాలో మీనాక్షి వేసిన ముగ్గొక్కటే.