మాబున్నీసా కంప్యూటర్‌లో త్రికోటన్న

"పల్నాడులో ఏ ఇంటి కంప్యూటర్‌లోనూ వైరస్ అనేది లేకుండా చేసేదాకా నేను కంటి మీద కునుకు వెయ్యను!"

మొన్న సోమవారం మధ్యాహ్నం నరసరావుపేట పార్టీ ఆఫీసులో మా త్రికోటన్న చేసిన ప్రతిజ్ఞ ఇది. చేసిన వెంటనే ఇంటికెళ్లి భోంచేసి నాలుగున్నర దాకా పడుకున్నారు. అంత పెద్ద నిర్ణయం తీసుకున్న మనిషికి ఆ మాత్రం విశ్రాంతి లేకపోతే ఎట్లా చెప్పండి? గిట్టనివాళ్లు దీన్నీ తప్పుపడతారు. వాళ్ల సంగతి వదిలేయండి.

త్రికోటన్న అంటే శ్రీ త్రికోటేశ్వరరావు గారు, పార్టీ పట్టణ నాయకులు. నేను ఒక దినపత్రికకు పేట విలేకరిని. అన్న మాట్లాడినవన్నీ రాసేది నేనే. మాట్లాడటం మర్చిపోయినవి కూడా నేనే రాస్తాను.

అప్పటికే అన్నకు 'మిరప నారు అభివృద్ధి మండలి' చైర్మన్ పదవి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. మండలి ఇంకా ఏర్పడలేదు గానీ దానికి చైర్మన్ అత్యవసరమట. అన్న పేరు పైదాకా వెళ్లటానికి కారణం ఇంటర్నెట్‌లో ఆయన పేజీ. పోయిన నెల దాకా అందులోకి ఇంటి మనుషులు కూడా బతిమాలితే వచ్చేవాళ్లు. ఉన్నట్టుండి రాత్రింబవళ్లు లక్షా ఎనభై వేల మంది అందులోనే ఉండి జై కొడుతున్నారు. రాజధానిలో పెద్దలకు దిమ్మ తిరిగింది. ఈ ప్రభంజనాన్ని కళ్లారా చూడటానికి గురువారం పరిశీలకుణ్ని పంపుతున్నామని ఫోన్ చేశారు.

"మొన్న ధర్నాకు పన్నెండు మందే వచ్చారేమిటి?" అని డిజిటల్ విభాగం కన్వీనర్ నాగేశ్వరరావును అడిగాను.

"మనోళ్లంతా ఆన్‌లైన్ మనుషులు. ఎండకు రారు," అన్నాడు.

"వీళ్లలో ఓల్గా, మార్సెలో అని పేర్లున్నాయి. ఏ మండలం?"

"చదువుకున్నోళ్లన్నా. పేర్లు మార్చుకొని ఉంటారు."

రాసుకున్నాను.

పరిశీలకుడు వచ్చేలోపు ఒక సేవా కార్యక్రమం చెయ్యాలి. మొక్కలు నాటుదామంటే పేటలో గుంత తీయని చోటు లేదు. ఆస్పత్రిలో అరటిపళ్లు పంచుదామంటే, ఇప్పటికి ముగ్గురు నాయకులు పంచి వెళ్లారని, ఇంక తినలేమని రోగులు దణ్ణం పెట్టారు. అన్న తల పట్టుకుని కూర్చున్న సమయంలో మాబున్నీసా వచ్చింది.

మాబున్నీసా మా పక్కింటావిడ. భర్త సుభానీ ట్రాక్టర్ మెకానిక్. ఈమె ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. ముందు గదిలో కంప్యూటర్, పక్కన కుట్టు మిషన్. కంప్యూటర్‌లో నెమలి డిజైన్ గీసి మిషన్‌కు ఎక్కిస్తే, సూది తనంతట తనే జాకెట్టు మీద నెమలిని కుట్టేస్తుంది. పోయిన నెల అన్న పుట్టినరోజుకు కండువాల మీద ఆయన మొహం కుట్టింది కూడా ఆమే. ఆ ఫొటోను నాగేశ్వరరావే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, దగ్గర కూర్చొని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

"అన్నా, నీ ఫొటో వచ్చి నా డిజైన్ మీద కూచుంటంది. లెగవటంలా," అంది మాబున్నీసా.

అన్న కళ్లు చెమర్చాయి. "చూశారా! జనం గుండెల్లోనే కాదు, కంప్యూటర్లలో కూడా నేనే."

"గుండెల్లో ఉంటే ఉండన్నా, నాకేం ఇబ్బంది లేదు. కంప్యూటర్లోంచి లెయ్యి. నకరికల్లు గురవమ్మ కూతురి పెళ్లి శుక్రవారం. గురువారం సాయంత్రానికి పెళ్లి జాకెట్టు ఇయ్యాల. నెమలి తెరుసుకోటంలా."

అన్న ఒక్క క్షణం ఆలోచించి, ఇది ప్రతిపక్షాల కుట్ర అని తేల్చారు. తన బొమ్మతో వైరస్ తయారు చేసి, ఒక ఆడపడుచు చేత తనను విసుక్కునేలా చేశారు! ఆ ఆవేశంలోంచి పుట్టిందే మొదట నేను చెప్పిన ప్రతిజ్ఞ. ఉద్యమానికి ప్రారంభోత్సవం మాబున్నీసా ఇంట్లోనే, బుధవారం సాయంత్రం అని ప్రకటించారు. ఆవిడ రేపే రమ్మంటే, షామియానా వాడు ఖాళీగా లేడన్నారు.

బుధవారం మా వీధి వీధిలా లేదు. వాకిట్లో షామియానా, దాని పక్కన పెద్ద తెర బిగించిన బండి. తెర మీద ఎర్రటి అంకెలు: 'ఈ క్షణంలో అన్న వెంట ఉన్నవారు: 1,80,004'. కంప్యూటర్‌కు రిబ్బన్ కట్టారు. అన్న కత్తెర అందుకుని చప్పట్ల మధ్య కత్తిరిస్తే, రిబ్బన్‌తో పాటు మౌస్ తీగ కూడా తెగింది. సుభానీ గొణుక్కుంటూ వెళ్లి వేరే మౌస్ తెచ్చాడు. కొబ్బరికాయ కంప్యూటర్ మీద కొట్టాలా, ముందు కొట్టాలా అని నాగేశ్వరరావు అడిగాడు. వాకిట్లో కొట్టుకోమంది మాబున్నీసా.

వైరస్ తీసే పని అన్న మేనకోడలు లిఖితది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు మీద వచ్చింది. మాటకు మొహమాటం తక్కువ. కూర్చుని కంప్యూటర్ ఆన్ చేసింది. నెమలి తోక సగం కనపడిందో లేదో, దాని మీద చేతులు జోడించిన అన్న వచ్చారు. కింద 'నేను మీవాడినే' అని రాసి ఉంది. పక్కనే జుట్టు మొలిపించే నూనె, మోకాళ్ల నొప్పులకు పట్టీ, మీకు లాటరీ తగిలిందన్న శుభవార్త.

లిఖిత ఫొటో మూల మీద ఉన్న ఇంటూ మార్కు నొక్కబోయింది.

"ఆగమ్మా!" నాగేశ్వరరావు అరిచిన అరుపుకు నా చేతిలో టీ ఒలికింది. "అన్న మొహం మీద ఇంటూ కొడతావా? మా మనోభావాలు ఏం గావాల?"

"ఇంటూ కొట్టకపోతే పోదు."

"పోవాలని ఎవరన్నారు? వైరస్ పోవాల, అన్న ఉండాల."

"అన్నే వైరస్ ఇక్కడ," అంది లిఖిత.

మరి ఎవరు నొక్కాలి? కార్యకర్త ఎవరైనా నొక్కితే పార్టీ వ్యతిరేక కార్యకలాపం అవుతుంది. సుభానీ నొక్కితే కేసవుతుంది. చివరకు అన్నే లేచారు. మౌస్ పట్టుకుని, కళ్లు మూసుకుని, తన మొహం మీద తానే ఇంటూ కొట్టుకున్నారు. ప్రజల కోసం ఇంత పని చేసిన నాయకుణ్ని నా ఇరవై ఏళ్ల వృత్తిలో చూడలేదు. ఒక అన్న పోయి ఇద్దరు అన్నలు వచ్చారు. అన్న ముఖంలో తృప్తి కనపడింది.

లిఖిత ఆయన్ని పక్కకు జరిపి పని మొదలుపెట్టింది. "ముందు నెట్ తీగ పీకాల మావయ్యా. పీకి చేస్తేనే పద్ధతి."

"లైవ్ నడుస్తంది. తీగ జోలికి పోవద్దు," అన్నారు అన్న.

సరేనని తీగ ఉంచే, ఎవరికీ తెలియని పేరుతో లోపల దాక్కున్న ఒక ప్రోగ్రామ్‌ను పట్టుకుని తీసేసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసింది. అది ఆగి లేచేలోపు బయట తెర మీద అంకె కూడా ఒకసారి పడిపోయి లేచింది. బండి డ్రైవర్ బ్యాటరీ వైర్ వదులైందనుకుని గట్టిగా తట్టాడు. ఇటు చూస్తే తీసేసిన ప్రోగ్రామ్ వేరే పేరు పెట్టుకుని మళ్లీ వచ్చి కూర్చుంది.

"పార్టీ మారి వచ్చిందన్నా!" అన్నాడు నాగేశ్వరరావు.

మూడు పార్టీలు చూసిన అన్న మెల్లగా తల ఊపారు. "అనుభవం ఉన్నది అంత తేలిగ్గా పోదులే."

ఈలోగా మాబున్నీసా ఫోన్ మోగుతూనే ఉంది. నకరికల్లు నుంచి గురవమ్మ. "అయిద్ది వదినా, అయిద్ది. రేపు ఇచ్చేత్తా," అని ఈవిడ సర్దిచెప్పింది. ఫోన్ పెట్టేసి చీర కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు నిజంగానే బాధేసింది. ఆ బాధను వార్తలో ఎక్కడ పెట్టాలో తెలియక ఊరుకున్నాను.

అది చూసి లిఖిత ఇంకెవర్నీ అడగలేదు. వంగి నెట్ తీగ పీకేసింది.

బయట నుంచి డ్రైవర్ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా! జనం పోయారు!"

"యాడికి?"

"తెలవదన్నా. నలుగురే మిగిలారు."

వెళ్లి చూశాం. తెర మీద ఎర్రగా '4' అని ఒక్కటే అంకె వెలుగుతోంది. అన్న లోపలికి వచ్చి తీగను స్వయంగా పెట్టారు. "వచ్చారన్నా!" అని కేక. పీకారు. "పోయారన్నా!" పెట్టారు. "వచ్చారు!" మళ్లీ పీకారు. ఈసారి డ్రైవర్ కేక వెయ్యలేదు, ఉత్తగా తల అడ్డంగా ఊపాడు. నలుగురెవరో నాకు తెలుసు. అన్న, నాగేశ్వరరావు, నేను, అన్న భార్య వెంకటరమణమ్మ గారు. మా ఫోన్లలో ఆ పేజీని ఎప్పుడూ తెరిచే ఉంచుతాం. మేం చూస్తుండగానే ఆరు గంటలైంది, అంకె మూడుకు దిగింది. ఆ టైముకు వెంకటరమణమ్మ గారికి సీరియల్ ఉంది.

"మావయ్యా, ఆ లక్షా ఎనభై వేల మందీ ఈ డబ్బాలోనే ఉన్నారు," అంది లిఖిత. "ఇదే పేర్లు పుట్టిస్తంది, ఇదే వాళ్లందరి తరఫున నీకు జై కొడతంది. అక్క నెమలిని తెరవటానికి దీనికి తీరికేదీ?"

అన్న నాగేశ్వరరావు వైపు చూశారు.

"నాకేం తెలుసన్నా! నెట్‌లో ఊరికే దొరికింది. నొక్కితే అభిమానులు పెరుగుతారని రాసుంది. కండువాల ఫొటో ఎక్కిచ్చేటప్పుడు నొక్కా. పెరిగారు."

"మీ ఇంట్లో నొక్కొచ్చుగా!" అంది మాబున్నీసా.

"మా ఇంట్లో కంప్యూటర్ లేదక్కా."

లిఖిత శుభ్రమైన పెన్‌డ్రైవ్ ఒకటి తీసింది. దీంతో స్కాన్ చేస్తే గంటలో మొత్తం ఊడ్చుకుపోతుందంది. అన్న ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఆగు తల్లీ. రేపు పరిశీలకుడు వత్తన్నాడు. తొందరపడి ప్రజల్ని దూరం చేసుకోవటం మంచిది కాదు."

"నా జాకెట్టు?" అంది మాబున్నీసా.

"పెళ్లయ్యాక కుట్టుకోమ్మా."

అంతే, మాబున్నీసా వెళ్లి గోడ స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏందన్నా నువ్వు మాట్లాడేది? ఆ పిల్ల పెళ్లి జాకెట్టు అది. వాళ్లమ్మ ఊళ్లో ఇంతమందిని కాదని నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో మూడు ఓట్లున్నాయి. ఈ డబ్బాకి ఒక్కటి కూడా లేదు. ఏది కావాలో చెప్పు, లేకపోతే ఆపేత్తన్నా."

అన్న ఆమెను చూశారు. డబ్బాను చూశారు. ప్రజాస్వామ్యంలో ఎటువైపు ఎక్కువ మంది ఉంటే అటే మొగ్గాలి కదా. డబ్బానే కోరుకున్నారు. అయితే అన్నది దయగల హృదయం. తన ఇంట్లో ప్లాస్టిక్ కవర్ కూడా తీయని కొత్త కంప్యూటర్‌ను తెప్పించి మాబున్నీసాకు ఇచ్చారు. లిఖిత రాత్రి భోజనాల వేళ దాకా కూర్చుని, డిజైన్లను ఒక్కొక్కటే శుభ్రం చేసి కొత్తదాంట్లోకి ఎక్కించింది. మొదట నెమలి తెరుచుకుంది. పూర్తిగా, తోక చివరి దాకా. మాబున్నీసా లిఖిత తలను దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకుంది. సుభానీ అందరికీ టీ పెట్టాడు, నాగేశ్వరరావుకు తప్ప.

పాత కంప్యూటర్‌ను శాలువా కప్పి, తెర బండి మీద నిలబెట్టి, పార్టీ ఆఫీసుకు తీసుకెళ్లారు. దారి పొడుగునా టపాసులు. జనం ఏ దేవుడి ఊరేగింపో అనుకుని దణ్ణాలు పెట్టారు. ఆఫీసు వెనక ఏసీ గదిలో దానికి చోటిచ్చి, రెండు ఇన్వర్టర్లు బిగించి, తలుపు మీద 'లోనికి రాకూడదు, వైరస్ తీయరాదు' అని బోర్డు పెట్టారు. అన్న ప్రతిజ్ఞ చేసింది ఇళ్లలో కంప్యూటర్ల గురించి కాబట్టి, ఇది ఆఫీసు కంప్యూటర్ కాబట్టి, మాట తప్పినట్టు కాదని మర్నాటి పత్రికలో నేను వివరించాను.

గురువారం సాయంత్రం ఏడు గంటల బస్సులో నెమలి జాకెట్టు నకరికల్లు వెళ్లింది. అదే సాయంత్రం పార్టీ ఆఫీసుకు పరిశీలకుడు వచ్చాడు. తెర మీద అంకె చూసి నోరెళ్లబెట్టాడు.

"ఇంత మంది ఎక్కడున్నారండీ?"

అన్న గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ," అన్నారు. గోడ అవతల ఏసీ గుయ్యిమంటోంది. పరిశీలకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

చైర్మన్ పదవి ఖాయమైంది. ప్రమాణ స్వీకారానికి లక్ష మంది తరలివస్తారని నాగేశ్వరరావు ప్రకటన ఇచ్చాడు. మొదటి పేజీలో వేశాం. ఆ మధ్యాహ్నం అతను మాబున్నీసా ఇంటికి వస్తే, నేను అక్కడే ఉన్నాను.

"అక్కా, సభకొచ్చేవాళ్లకి కండువాలు కావాల. మీద అన్న మొహం కుట్టాల."

మాబున్నీసా అతని పెన్‌డ్రైవ్‌ను తీసుకోకుండా వెనక్కి నెట్టింది. "ఫొటో నా దగ్గరే ఉందిలే. ఎన్ని కుట్టాల?"

నాగేశ్వరరావు వాకిలి వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. నా వైపు చూసి, నేనే కదా అని ధైర్యం తెచ్చుకుని, నాలుగు వేళ్లు చూపించాడు.

"సభ ఎన్నింటికి?" అంది ఆవిడ, టేపు సర్దుకుంటూ.

"సాయంత్రం ఆరింటికి." అని, కాస్త ఆలోచించి, ఒక వేలు ముడిచాడు.

మూడింట్లో ఒకటి నాదే కాబట్టి, అన్న మొహం కాస్త నవ్వుతున్నట్టు కుట్టమని మాబున్నీసాకు చెప్పి వచ్చాను.